ఇత్తడి అతుకుల బెంచీ

ఆ ఇంట్లో స్టూలు విరిగి ఏడు నెలలయింది. విరిగింది స్టూలే అయినా, అప్పటినుంచీ ఆమె అన్నయ్య ఆ గుమ్మం తొక్కలేదు.

స్టూలు చేసింది ఆమె భర్త. రోడ్ల ఆఫీసులో ముప్ఫై ఏళ్లు నక్షాలు గీసి రిటైరైన మనిషి. కాగితం మీద గీత గీస్తే వెంట్రుకవాసి తేడా రాదు. చెక్కకు ఆ సంగతి తెలియదు. కాళ్లు జిగురుతో అంటించి, 'ఇరవై నాలుగు గంటలు ఆరాలి' అని చీటీ రాసిపెట్టాడు. అన్నయ్య వచ్చేసరికి ఇరవై రెండు గంటలయింది. అన్నయ్య లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాడు. మనిషి కూడా ఆ ఉద్యోగానికి తగ్గట్టే ఉంటాడు. అలా కూర్చున్నాడో లేదో, స్టూలు కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి. వెల్లకిలా పడ్డవాడికి చెయ్యందించాల్సింది పోయి, ఆమె భర్త గడియారం చూసి, "ఇంకో రెండు గంటలు ఆగలేకపోయావా బావా?" అన్నాడు.

"విన్నావా చెల్లీ? తప్పు జిగురుది కాదట, నా తొందరదట!" అంటూ అన్నయ్య దుమ్ము దులుపుకుని వెళ్లిపోయాడు.

ఫోన్లో మాట్లాడతాడు గానీ, రమ్మంటే ఒకటే పాట. "నన్ను మోసేది ఒకటి ఆ ఇంట్లో తయారవ్వాలి. దాని మీద కూర్చోమని మీ ఆయనే నోరు తెరిచి అనాలి. ఆ రోజు వస్తా."

ప్రతి ఆదివారం అన్నయ్య టీ తాగే పెద్ద గ్లాసు అల్మరాలో బోర్లించే ఉండిపోయింది. ఆమె ఆదివారం ఆదివారం దాన్ని తీసి, తుడిచి, మళ్లీ బోర్లించేది. ఎనిమిదో నెల రాబోతుంటే ఇక పట్టలేక భర్తతో చెప్పింది.

"ఏమండీ, ఒక బెంచీ చెయ్యండి. జిగురు లేకుండా."

ఆయనకు అదే కావాలి. సామిల్లుకెళ్లి రెండున్నర అంగుళాల మందం పలక ఒకటి, అంచున బెరడుతో సహా తెచ్చాడు. పక్క వీధి వడ్రంగి వచ్చి గోటితో నొక్కి చూశాడు.

"ఇంకా పచ్చిగా ఉంది సార్. నీడలో ఆరు నెలలు పెట్టండి."

ఆయన మేడ మీద ఎండలో నాలుగు రోజులు పెట్టాడు. ఐదో రోజు మధ్యాహ్నం పైనుంచి ఫట్‌మని చప్పుడొచ్చింది. పలక మూడు చోట్ల పగిలింది.

"అంత ఎండలో పెడితే నా మడమలే పగులుతాయి, చెక్క పగలదట్రా?" అంది అత్తగారు.

వడ్రంగి మళ్లీ వచ్చాడు. పగులు ఇంకా సాగకుండా, దానికి అడ్డంగా సీతాకోకచిలుక ఆకారంలో ఒక ముక్క దిగ్గొట్టాలన్నాడు. చెక్కతోనైనా పెట్టొచ్చు, ఇత్తడితో పెడితే చూడ్డానికి బాగుంటుందని కూడా అన్నాడు. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

అటక మీద సొట్టలు పడ్డ ఇత్తడి పూలకుండీ ఒకటి ఉండేది. సాయంత్రానికి అది లేదు.

"అది నా పెళ్లినాటి పూలకుండీరా!" అని అత్తగారు లబోదిబోమంది.

"అమ్మా, అదిప్పుడు సీతాకోకచిలుక అయిందే."

"అయితే ఎగరమను, చూస్తాను."

మొదటి ముక్కకు రెండు రోజులు పట్టింది. ఇత్తడిని కోసి, ఆకురాయితో అంచులు అరగదీసి, చెక్క మీద పెట్టి చుట్టూ గీత గీసి, అంత మేరా ఉలితో తొలిచి, దిగ్గొట్టి, చిన్న మరలు బిగించాడు. తర్వాత చెక్కా ఇత్తడీ ఒకటే మట్టానికి వచ్చేదాకా గరుకు కాగితంతో రుద్దాడు. వేలితో రాస్తే ఎక్కడా తగలలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన దేన్నీ అంత మురిపెంగా చూడటం ఆమె చూడలేదు, తనతో సహా.

మూడు పగుళ్లకు మూడు ముక్కలు పడ్డాయి. అక్కడితో ఆగితే కథే లేదు. ఆయన భూతద్దం తెచ్చి పగుళ్లు వెతకడం మొదలుపెట్టాడు. నాలుగోది వెంట్రుకంత ఉంది. ఐదోది ఆమెకు కనిపించనే లేదు.

"ఇక్కడ పగలబోతోంది," అన్నాడు.

"పగలనివ్వండి, అప్పుడు చూద్దాం."

"పగిలాక బాగుచెయ్యడం ఎవడైనా చేస్తాడు."

పదమూడో సీతాకోకచిలుకతో పూలకుండీ అయిపోయింది. ఆయన వంటింటి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె లోపలి ఇత్తడి గిన్నెల సంగతి గుర్తొచ్చి, ఆ రోజే వంటింటికి తాళం కొనుక్కొచ్చింది.

కాళ్ల పని మాత్రం ఆయనకు వదల్లేదు. వడ్రంగి చేత, దగ్గరుండి, పలకకు రంధ్రాలు తొలిపించి, కాళ్లు దిగ్గొట్టించి, చీలలు వేయించింది. ఆయన పాలిష్ కొనడానికి వెళ్లిన పావుగంటలో వడ్రంగీ, అతని తమ్ముడూ, ఆమే ముగ్గురూ బెంచీ ఎక్కి నిలబడ్డారు. కిర్రుమనలేదు. ఆమె ఒకసారి గెంతింది కూడా.

"మా అన్నయ్య కూర్చోవచ్చా?"

"అన్నయ్యను లారీతో సహా కూర్చోబెట్టండమ్మా," అన్నాడు వడ్రంగి.

అన్నయ్యకు ఫోన్ చేసింది. ఆదివారం వస్తానన్నాడు.

కష్టం అప్పుడు మొదలైంది. పాలిష్ వేశాక ఆయన బెంచీ మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. దాని మీద దుప్పటి కప్పి, పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. అత్తగారు ఒకసారి చెయ్యి ఆనించబోతే, "గాజులు!" అని కేకేశాడు.

"నువ్వు పుట్టినప్పుడు నేనూ నిన్నింత జాగ్రత్తగా చూసుకోలేదురా," అంది ఆవిడ.

ఆదివారం పదింటికి అన్నయ్య వచ్చాడు. ఇస్త్రీ ప్యాంటు, వెనక జేబులో పిడికెడు తాళాల గుత్తి. కాటా గదివి, గేటువి, బీరువాలవి. ఆయన దుప్పటి తీశాడు. అన్నయ్య నిజంగానే నోరు తెరిచాడు.

"ఇవన్నీ నువ్వే పెట్టావా బావా?"

ఆ ఒక్క ప్రశ్న చాలు. ఆయన మొదటి ముక్క నుంచి మొదలుపెట్టి ఒక్కోదాని చరిత్రా చెప్పుకుంటూ పోయాడు. ఎనిమిదో ముక్క దగ్గరకొచ్చేసరికి అన్నయ్య ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు. ఆమె వెనకనుంచి భర్త వీపు మీద వేలితో పొడిచింది. ఆయన నోరు తెరిచాడు. చూపు మాత్రం తాళాల గుత్తి మీదే ఉంది.

"కూ..." అన్నాడు. "కూల్‌డ్రింకు తాగుతావా బావా?"

"నిలబెట్టి తాగిస్తావట్రా, గుర్రానికి పట్టినట్టు?" అంది అత్తగారు.

అన్నయ్య మొహం గంటు పెట్టుకున్నాడు. "వస్తాను చెల్లీ."

ఇంకో ఏడు నెలలు ఆ గ్లాసు తుడవడం తన వల్ల కాదనుకుంది ఆమె. ఇంట్లో చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలు నాలుగున్నాయి. అందులో నీలం కుర్చీకి ఎడమ వెనక కాలు పగిలి తెల్లగా గీత పడింది. పోయిన వారం తను కూర్చుంటే అది ఒక్కసారిగా విరగలేదు, మెల్లగా ఒరిగింది, లేవడానికి బోలెడు టైమిచ్చింది. ఆ కుర్చీనే తెచ్చి, బెంచీ దానికి ఎడమవైపున ఉండేలా ఆనించి వేసింది.

"గ్లాసు తెస్తా, ఒక్క నిమిషం కూర్చో అన్నయ్యా."

అన్నయ్య కూర్చున్నాడు. ఆమె మాత్రం గ్లాసు కోసం వెళ్లలేదు.

"చెల్లీ, ఇదేమైనా పడక్కుర్చీనా?" అన్నాడు అన్నయ్య, ఎడమకు వాలుతూ. ఇంకాస్త వాలాడు. చెయ్యి బెంచీ మీద ఆనించాడు. కుర్చీ కాలు టప్పున విరిగేలోపు, బస్సులో కిటికీ సీటులోకి జరిగినట్టు, బెంచీ మీదికి జరిగాడు.

బెంచీ కిక్కురుమనలేదు. తాళాల గుత్తి మాత్రం కర్రుమంది.

"కదలకు!" ఆయన కెవ్వుమన్నాడు. "లేవకు బావా! కూర్చో! అలాగే కూర్చో!"

"ఏమన్నావ్?"

"కూర్చోమంటున్నానయ్యా బాబూ, కూర్చో!"

అన్నయ్య వేళ్లు ముడిచాడు. "నాలుగుసార్లు. విన్నావా చెల్లీ?"

"వీధంతా వింది," అంది అత్తగారు.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ముల్లు తీసినట్టు రెండు వేళ్లతో బావ జేబులోంచి తాళాల గుత్తి పైకి లాగాడు. ఏడో సీతాకోకచిలుక రెక్క మీద అంగుళం గీత పడింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అది నా సంతకం బావా, ఉండనీ," అన్నాడు అన్నయ్య, ఇంకాస్త వెనక్కి సర్దుకుంటూ.

అన్నయ్య భోజనం అక్కడే చేశాడు, కునుకూ అక్కడే తీశాడు, పెద్ద గ్లాసుతో రెండుసార్లు టీ తాగాడు. ప్రతిసారీ ఆయన గ్లాసు కింద కాగితం మడతపెట్టి ఉంచాడు. వెళ్తూ వెళ్తూ అన్నయ్య, "వచ్చే ఆదివారం మీ వదిన్ని కూడా తెస్తా. ఇద్దరం పడతాం," అన్నాడు.

అతన్ని సాగనంపి, నీలం కుర్చీ బయట పారేద్దామని ఆమె వరండాలోకి వచ్చింది. కుర్చీ ఆయన ఒళ్లో ఉంది. విరిగిన కాలును మొదలుకు ఆనించి, ఆ అతుకు మీద బొటనవేలితో కొలుస్తున్నాడు. చెవిమీది పెన్సిల్ అప్పటికే చేతిలోకి వచ్చింది.

"ఒక్కటి చాలు," అన్నాడు, తల ఎత్తకుండా. "మహా అయితే రెండు."

ఆమె లోపలికెళ్లి, వంటింటి తాళం సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూసుకుంది.