నైరూజ్ నాటి చీటీ

ఆ చీటీని కత్తిరించింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచిపెట్టానని ఎవరూ అనకుండా.

అప్పటికి నేను చదవడం నేర్చుకుని రెండేళ్ళు. ముప్పై ఆరేళ్ళ వయసులో పలక పట్టినదానికి గర్వం కాస్త ఎక్కువే ఉంటుంది. మా చర్చిలో నైరూజ్ నాడు, అంటే ఈజిప్టులో మా కోప్తు క్రైస్తవుల సంవత్సరాదినాడు, పూజ అయ్యాక ఎర్ర ఖర్జూరాలూ జామపళ్ళూ పంచి, బుట్టలోంచి తలా ఒక చీటీ తీయిస్తారు. అందులో ఉన్న వాక్యం ఆ ఏడంతా మనది. చీటీలు పోయినేటి క్యాలెండర్ కాగితాల్లోంచి కత్తిరిస్తాం. ప్రతి కాగితం మీదా ఆ రోజు చదవాల్సిన వాక్యభాగం ఉంటుంది, దాని కింద చిన్న ధ్యానం. "మంచి మాట చూసి కత్తిరించండమ్మా" అని మా గురువు అబూనా బిస్తవ్రోస్ ఆడవాళ్ళకి అప్పగించారు. మిగతావాళ్ళు చదివి కత్తిరిస్తున్నారు. నేను వెనకబడితే నవ్వుతారని, చదవకుండానే పై రెండు వరుసలూ చకచకా కత్తిరించేశాను. దేవుని మాట ఉన్న కాగితం కాలికింద పడకూడదు కనుక మిగిలిన ముక్కలన్నీ పూజ రొట్టె కాల్చే పొయ్యిలో వేశాం.

నైరూజ్ నాడు నా భర్త బిషాయ్ రాలేదు. కొండ మీది సున్నపురాయి క్వారీకి మన పండగలతో పనిలేదు. నాకొకటి, అతనికొకటి, రెండు చీటీలు ఒకే గుప్పిట్లో తీశాను. గోడవారకి వెళ్ళి విప్పాను. మొదటిది: 'నీ రాకపోకలలో ప్రభువు నిన్ను కాపాడును.' రెండోది కూడబలుక్కుని చదివాను. 'నీ ఇల్లు చక్కబెట్టుకో. నీవు బ్రతకవు, చనిపోతావు.'

నోట్లో ఉన్న ఖర్జూరం అలాగే ఉండిపోయింది. మళ్ళీ చదివాను. చదవడం రాకపోయినా బాగుండేదనుకున్నాను.

ఏది ఎవరిది? ముందు ఎవరి పేరు తలుచుకుని చెయ్యి పెట్టాను? ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మేమిద్దరమే. ఆ చావు అయితే నాది, లేకపోతే బిషాయ్‌ది.

ఇంటికొచ్చాక మంచి చీటీ అతనికి చదివి వినిపించి, చేతిలో పెట్టాను. బిషాయ్‌కి చదువు రాదు. కాగితాన్ని ముద్దుపెట్టుకుని, టోపీ మడతలో దోపుకున్నాడు.

"మరి నీకేం వచ్చిందే?"

"మంచిదే వచ్చింది."

"చదువు మరి."

"నాది నాకే. నీకెందుకు?"

నా చీటీని గోడకున్న మార్ గిర్గిస్ పునీతుడి పటం వెనక దాచాను. చావు నాదేనని అలా తేల్చేసుకున్నాను. కానీ నేను తేల్చుకుంటే సరిపోతుందా? బుట్టలో చెయ్యి పెట్టించినవాడు ఏమనుకున్నాడో!

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు, తిండి సహించలేదు. పక్కలో కాస్త నొప్పిగా ఉంటే నాకే వచ్చిందనుకునేదాన్ని. అతను ఇంట్లో ఉన్నంతసేపూ నా భయం, గడప దాటితే అతని భయం. క్వారీలో కోత మిషను నడిపేవాడు అతను. పట్టాల మీద పరిగెత్తే రంపానికి పైన మూత ఉండదు, కరెంటు తీగలకి తొడుగు ఉండదు. ఆ కొండ మా ఊళ్ళో ఎన్ని చేతులు తిన్నదో అందరికీ తెలుసు. మధ్యాహ్నం ఒంటిగంటకి పికప్పు బండి కూలీలని దింపుతుంది. అందరూ తల నుంచి కాళ్ళదాకా పిండిలో పొర్లినట్టు తెల్లగా ఉంటారు, కడుక్కునేదాకా ఎవరు ఎవరో తెలియదు. నేను మిద్దె మీద నిలబడి తలలు లెక్కపెట్టేదాన్ని. పద్నాలుగు వస్తే కిందికి దిగేదాన్ని.

ఇల్లు చక్కబెట్టడం కూడా మొదలెట్టాను. గోడలకి సున్నం వేశాను. పరుపులు విప్పి దూది ఎండబెట్టాను. నా మంచి గౌనుని మా ఆడపడుచుకి ఇచ్చేశాను.

"దేనికే ఈ హడావిడి? పెళ్ళికూతురు వస్తోందా ఏంటి?" అన్నాడు బిషాయ్.

వస్తుందేమో, నేను పోయాక, అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. నాకు చదవడం వచ్చినప్పటి నుంచి, తెల్లవారుజామున క్వారీ బండి రాకముందు అతను టీ తాగుతుంటే గ్రంథంలో ఒక పుట చదివి, ఆ పుట గురించి ఇద్దరం కాసేపు మాట్లాడుకునేవాళ్ళం. వరసగా వస్తూ రాజుల పుస్తకంలో, శత్రురాజు కోట చుట్టూ దిగిన చోటికి వచ్చాం. నైరూజ్ తర్వాత పుట తిప్పాలంటే నాకు భయంగా ఉండేది. తిప్పిన చోట ఇంకో చావు మాట ఉంటే? అందుకని రోజూ ఒకే కీర్తన చదివేదాన్ని, ఆపద నీ దరికి రాదు అనే కీర్తన. దిష్టి తీసినట్టు గబగబా చదివేసి పుస్తకం మూసేదాన్ని.

"ఏమే, పుస్తకం అంతా అయిపోయిందా? రోజూ ఇదేనా?"

"ఇది మంచిది. నోరుమూసుకుని టీ తాగు."

"మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ ఆ కోట ఏమైందో తెలియొద్దూ? పాపం ఆ రాజుని అలా వదిలేసి ఐదు వారాలైంది."

"రేపు చదువుతాలే."

ఆ మర్నాడే పికప్పు బండి పదిగంటలకి వచ్చింది.

వేళ కాని వేళ బండి వస్తే దాని అర్థం ఏమిటో మా వీధిలో కుక్కలకి కూడా తెలుసు. నేను ఉమ్ సాబిర్‌తో కలిసి రొట్టెలు కాలుస్తున్నాను. ఉమ్ సాబిర్ అంటే సాబిర్ తల్లి, మా పక్కింటావిడ. వాళ్ళు ముస్లింలు, మేము కోప్తులం, రెండిళ్ళకీ మట్టిపొయ్యి ఒకటే. ఆవిడ కొడుకు కూడా ఆ క్వారీలోనే బిషాయ్ పక్కన పని. హారన్ వినగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పిండి చేతులతోనే పరిగెత్తాం.

బండి వెనక ఇద్దరున్నారు. ఒకడు వెల్లకిలా పడి ఉన్నాడు. ఒళ్ళంతా తెల్లటి దుమ్ము, తొడ దగ్గర మాత్రం ఎరుపు. రెండోవాడు వాడి మీదకి వంగి, ముడేసిన తలగుడ్డని రెండు చేతులతో బిగించి పట్టుకుని ఉన్నాడు, తల ఎత్తడం లేదు. పడున్నవాడి ఎత్తు బిషాయ్ ఎత్తే. కాళ్ళు కూడా బిషాయ్ కాళ్ళే అనిపించాయి. వాక్యం నెరవేరింది, నేను కత్తిరించిన వాక్యం.

బండి ఎక్కాను. నా ముసుగు చెంగుతో ఆ మొహం మీది దుమ్ము తుడిచాను. నుదురు, కనుబొమలు, ముక్కు. బిషాయ్ కాదు.

"ప్రభువా, నీకు స్తోత్రం!" అని అరిచాను. గొంతెత్తి, వీధంతా వినబడేలా.

అరిచాక చూశాను. అది సాబిర్. వెనక్కి తిరిగితే ఉమ్ సాబిర్ బండి అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ నన్నే చూస్తోంది.

"ఇన్సాఫ్, దిగు. ఆస్పత్రికి పోవాలి," అన్నాడు తలగుడ్డ పట్టుకున్నవాడు. అది బిషాయ్ గొంతు. నా మొగుణ్ణి నేను చూసి కూడా గుర్తుపట్టలేదు. ఉమ్ సాబిర్‌ని పైకి లాగారు, బండి వెళ్ళిపోయింది. నేను రోడ్డు మీద నిలబడిపోయాను. పొయ్యిలో రొట్టెలు మాడిన వాసన వస్తోంది. సిగ్గు అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదనే చెప్పాలి.

మూడు దాటాక బిషాయ్ తిరిగొచ్చాడు. సాబిర్ బతుకుతాడట, కాలు ఉంటుందో ఉండదో వారం పోతేగానీ చెప్పలేమన్నారట. కాళ్ళూ చేతులూ కడుక్కుని, టోపీ తీసి, మడతలోంచి కాగితం బయటికి లాగాడు.

"ఇది ఉమ్ సాబిర్‌కి ఇచ్చొస్తా. దుప్పటి కోసం ఇంటికొచ్చింది. పిల్లాడి తలకింద పెట్టుకుంటుంది. నన్ను కాపాడిన మాట వాణ్ణీ కాపాడుతుంది. రంపం పన్ను విరిగి నా చెవి పక్కనించి పోయిందే, తెలుసా? రోజూ మిషను వేసే ముందు దీన్ని ముద్దుపెట్టుకుంటా. ఇవ్వాళా పెట్టుకున్నా."

మంచి ఆలోచనే అనుకుంటూ కాగితం వైపు చూశాను. అంచున చిన్న చిరుగు. ఆ చిరుగు నాకు బాగా తెలుసు.

"ఇది నీకెక్కడిది?" అన్నాను.

"నీదే," అన్నాడు నవ్వుతూ. "పండగ మర్నాడు నువ్వు పటం ముందు ఏడుస్తుంటే చూశా. కాగితం తీసి చూసుకోవడం, మళ్ళీ దాచుకోవడం! అంత ఏడిపించిన మాట ఎంత గొప్పదో అనుకున్నా. నాది అక్కడ పెట్టి ఇది తీసుకున్నా. మొగుడూ పెళ్ళాల మధ్య నీదేంటి, నాదేంటి? అవునుగానీ, ఇందులో ఏముందే?"

ఐదు వారాలు! ఆ మర్నాటి తర్వాత పటం వెనక చెయ్యి పెట్టడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. అతనికి రాకూడదని నేను దాచిన చావుని, అతను నెత్తిన పెట్టుకుని రోజూ రంపం దగ్గరికి వెళ్ళాడు. మిద్దె మీద నేను తలలు లెక్కపెట్టినప్పుడల్లా ఆ పద్నాలుగు తలల్లో ఒకదాని మీద అది ఉంది.

అంతా చెప్పేశాను. కత్తెర, గుప్పిట, పటం, సున్నం వేసిన గోడలు. రెండు వరుసలూ చదివి వినిపించాను. బిషాయ్ మొహం పాలిపోయింది. కాగితాన్ని చాపమీద పెట్టి, దాన్నుంచి కాస్త జరిగి కూర్చున్నాడు.

"అయితే నన్ను కాపాడింది ఈ కాగితం కాదన్నమాట," అన్నాడు చివరికి.

"కాదు."

"నాకిప్పుడు భయమేస్తోందే. తెలియకముందే బాగుంది." గూటి వైపు చెయ్యి చూపించి, "పుస్తకం తియ్యి. ఆగిన చోటు నుంచి చదువు," అన్నాడు.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఆ కీర్తన మాత్రం చదివావో, పుస్తకం లాక్కుంటా."

చదివాను. శత్రురాజు ఒక్క బాణమైనా వెయ్యకుండా తిరిగి వెళ్ళిపోయాడు. పుట తిప్పాను. కోటలోని రాజుకి జబ్బు చేసింది. ప్రవక్త మంచం దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పాడు. నా వేలు అక్కడే ఆగిపోయింది. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. నీ ఇల్లు చక్కబెట్టుకో.

"ఆగావేం?"

"ఇదే అది."

"కింద ఏముంది?"

కింద ఏమీ ఉండదని నా ఆలోచన. నేను కత్తిరించిన చోట అయిపోయింది కదా. కూడబలుక్కుంటూ చదివాను. రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. ప్రవక్త ఇంకా వాకిలి దాటనే లేదు, దేవుడు అతన్ని వెనక్కి పంపాడు. నీ ప్రార్థన విన్నాను, నీ కన్నీళ్ళు చూశాను, పదిహేనేళ్ళు నీకు కలుపుతున్నాను. నేను పొయ్యిలో వేసింది ఈ ముక్కని. పండగ మర్నాడే పుట తిప్పి ఉంటే ఐదు వారాల కిందటే చదివేదాన్ని.

"పదిహేనేళ్ళు!" అన్నాను. "అంటే నీకు యాభై ఎనిమిది వచ్చేదాకా..."

"మళ్ళీ మొదలెట్టావా? అది ఆ రాజుకి చెప్పింది. మనకి చెప్పింది విన్నాడని, చూశాడని." లేచి టోపీ పెట్టుకున్నాడు. "పద, ఉమ్ సాబిర్ దగ్గరికి."

"నేను రాను. నా మొహం ఎలా చూపించను?"

"నువ్వే రావాలి."

మాడని రొట్టెలు ఏరి గుడ్డలో కట్టుకున్నాను. ఆవిడ లోపల దుప్పటి మడతపెడుతోంది. కొడుకుకి రంపం తగిలిన వేళ నేను స్తోత్రం అని అరిచిన ఆ నోటితో ఏం చెప్పాలో తెలియలేదు.

"అక్కా," అన్నాను, "పొద్దున నేనన్న మాట... నా నోరు పడిపోను. సాబిర్‌ని చూసి కాదక్కా..."

ఉమ్ సాబిర్ దుప్పటి కింద పెట్టింది. నా వైపు చూడకుండా మాట్లాడింది.

"నువ్వు వాడి మొహం తుడుస్తున్నంతసేపూ నేను వెనకే ఉన్నా. అల్లా, అది బిషాయ్ కావాలి, బిషాయ్ కావాలి అని మొక్కుకున్నా. నువ్వు పైకి అన్నావు, నేను లోపల అన్నా. అంతే తేడా."

గుమ్మంలో బిషాయ్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఉమ్ సాబిర్ అతని వైపు చూసి ఏడుపు అందుకుంది. నేను రొట్టెల మూట కింద పెట్టి, ఆవిడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఆస్పత్రికి ఎవరెవరం వెళ్ళాలో, రాత్రి సాబిర్ దగ్గర ఎవరుండాలో బిషాయ్ నెమ్మదిగా చెప్పడం మొదలెట్టాడు.