ఇరవై ఆరు అంగుళాలు

నేను ఒక గొట్టాన్ని. వెనక కర్ర, కింద ట్రిగ్గర్, నెత్తిన గురి చూసే దుర్భిణి ఉన్నాయి కాబట్టి జనం రైఫిల్ అని గౌరవంగా పిలుస్తారు గానీ, అవన్నీ నా వెంట వచ్చిన చుట్టాలు. అసలు సరుకు ఇరవై ఆరు అంగుళాల ఈ ఉక్కు గొట్టమే. ఆ అంగుళాల కథే చెప్పబోతున్నాను. వినడానికి సరదాగా ఏమీ ఉండదు, ముందే చెప్తున్నా.

ఫ్యాక్టరీలో నిండు కడ్డీగా ఉన్న నన్ను నిలువునా తొలిచారు. లోపల మెలికలు తిరిగిన గాడులు కోశారు. గుండు బొంగరంలా తిరుగుతూ పోతేనే తిన్నగా పోతుందట. ఒకే గుట్టలోంచి వచ్చిన మాలో కొందరిని ఇరవై అంగుళాల దగ్గర కోసేశారు, కొందరిని ఇరవై ఆరు దాకా వదిలారు. నన్ను ఎందుకు వదిలారో నాకు తెలీదు. కోసేవాడికి ఆ పూట భోజనం వేళయిందేమో.

నగరంలో ఒక దుకాణం అద్దాల బీరువాలో నన్నూ, నా పొట్టి తమ్ముణ్ణీ పక్కపక్కనే నిలబెట్టారు. అక్కడికే వచ్చాడు నరహరి. జగిత్యాల దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు సారు. రాష్ట్ర పోటీల్లో ఏటా తప్పకుండా నాలుగోవాడిగా వచ్చే మనిషి. ఆయన లైసెన్సు మీద ఒక్క తుపాకికే చోటుంది. కోరికలు మాత్రం రెండు. ఒకటి పోటీల్లో కాగితం మీది నల్లచుక్కను కొట్టడం. రెండోది బామ్మర్ది చేలో పడుతున్న అడవిపందుల్ని కొట్టడం. ఆ బామ్మర్ది రాజలింగం కూడా వెంట వచ్చాడు. చేతిలో టిఫిను గిన్నె, ముఖం నిండా తిరణాల చూడ్డానికి వచ్చినవాడి సంబరం.

"కాగితానికైతే పొడుగుది తీస్కోండి సార్, చేన్లకైతే పొట్టిది" అన్నాడు దుకాణం ముసలాయన.

"రెంటికీ కావాలె."

"రెంటికీ అంటే నేనేం చెప్పాల? నాకైతే రెండూ అమ్ముడు పోవాల్సినవే."

నరహరి మా తమ్ముణ్ణి ఎత్తి భుజానికి ఆనించాడు. గబుక్కున ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు. ముఖం విప్పారింది. అటవీశాఖ వాళ్ళు పందుల్ని కొట్టడానికి అనుమతి ఇస్తే చెట్టుచేమల్లో తిరగడానికి ఇదే నయం అనుకున్నాడు. ఆ మాట పైకి అన్నాడు కూడా.

రాజలింగం మూతి విరిచాడు. "ఏంది బావా, పోరగాండ్లు ఆడుకునేదాని లెక్కున్నది. గది చూడు, ఎంత పొడుగున్నదో! నువ్వు గది పట్టుకొని ఊర్ల దిగుతే సర్పంచ్ గూడ లేచి నిలవడాలె. పొడుగుదైతే గురి మంచిగుంటది గద సేటూ?"

"పొడుగుదైతే గుండుకు వేగం కొంచెం ఎక్కువ. గురికి రెండూ ఒకటే" అన్నాడు ముసలాయన.

ఆ ఆఖరి ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు. బామ్మర్ది అంత మురిసిపోతుంటే నరహరి నవ్వి తమ్ముణ్ణి బీరువాలో పెట్టేశాడు. నోరుంటే అప్పుడే అరిచేవాణ్ణి. పెద్దదైతే మంచిదనుకోవడం మనుషులకు చిన్నప్పుడు అంటుకునే జబ్బు, ముసలితనంలో కూడా వదలదు.

ఆ ఏడు పోటీల్లో నరహరి మూడోవాడిగా వచ్చాడు, కంచు పతకం తెచ్చాడు. ఆ ఏడే ఆయన సిగరెట్లు మానేశాడు, చేతి వణుకు తగ్గింది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. అంతా నా పొడుగు మహిమే అని ఊరంతా చాటింపు వేసినవాడు రాజలింగం. వాడి నోటికి మూతా లేదు, మనసులో కుళ్ళూ లేదు. వాడంటే నాకు ఇష్టం. ఆ మాట ఇప్పుడు చెప్పి ఏం లాభం?

రాజలింగానిది పసుపు చేను. ఆ వైపు రైతులు పసుపులో మక్క, అంటే మొక్కజొన్న, కూడా వేస్తారు, పసుపు భూమిలో ఊరేలోపు మక్క చేతికొస్తుంది. పోయినేడు ఆ మక్క మొత్తం పందుల పాలైంది. కంకులు తిన్నంతసేపు తిని, పోతూ పోతూ పసుపు మడులు కూడా కుమ్మిపోయాయి. ఈసారి కూడా పోతే దుబాయి పోవుడే అన్నాడు వాడు. ఆ మాట వింటే చాలు, వాడి భార్య భూలక్ష్మి చేతిలో పని వదిలేసి వచ్చేది. "కలో గంజో ఈడ్నే తాగుదాం, నువ్వైతే పోకు" అని మొత్తుకునేది. ఆ చేను నిలబడితేనే ఆమె మొగుడు ఇంట్లో ఉంటాడు. అందుకే అనుమతి కాగితం రాగానే నన్ను భుజానేసుకుని నరహరి అత్తగారి ఊరికి బయల్దేరాడు.

తెల్లారుతుండగా బీడు భూమిలో బోర్లా పడుకుని, నన్ను ఇసుక సంచి మీద ఆనించి కాచుకున్నాడు. అది నాకు అలవాటైన పనే. మేసిన పందులు చేలోంచి బయటికి వస్తుంటే, ఊపిరి సగం వదిలి ఆపి, పెద్ద మగపందిని కొట్టాడు. దెబ్బ తగిలింది. తగిలి, అది తూలి, అడవి వైపు పోవాల్సింది తిరిగి మక్కలోకే దూరింది.

దెబ్బ తిన్న పందిని చేలో వదిలి ఇంటికి పోకూడదు. పొద్దెక్కితే కూలివాళ్ళు కలుపుకు దిగుతారు. అందుకని దాని నెత్తురు చుక్కల వెంట ఇద్దరూ లోపలికి దిగారు. ముందు కొడవలి పట్టుకుని రాజలింగం, వెనక నన్ను పట్టుకుని నరహరి.

రాజలింగం మక్క కర్రలకు చిక్కుడు తీగ పాకించాడు. ఒక సాలు నుంచి ఇంకో సాలుకు తోరణాల్లా అల్లుకుపోయింది, గుత్తులు గుత్తులుగా కాయ మీద ఉంది. చేతిలో కొడవలి ఉంది కదా, ఒక్క వేటు వేస్తే దారి అవుతుంది. కానీ కాయ మీదున్న తీగను కోయడానికి రైతుకు చెయ్యి ఆడుతుందా? వాడు ఎడమచేత్తో తీగను మెల్లగా పైకెత్తి, కింద నుంచి వంగి దూరాడు, తర్వాత వదిలాడు. ఇంకో తీగ ఎత్తాడు, దూరాడు, వదిలాడు. "పయిలం బావా, కాయ రాలుతది" అన్నాడు కూడా.

వంగిన మనిషి దూరాడు గానీ నేను దూరలేదు. నా మూతికి ఒక తీగ, నడుముకు ఒక తీగ చుట్టుకున్నాయి. నరహరి ఒకటి విడిపించేలోపు ఇంకోటి పట్టుకుంది.

పంది ఎదురుగా లేదు, పక్క సాలులో పడుకుని ఉంది. లేచింది. నరహరి చూశాడు, నేనూ చూశాను. నన్ను పక్కకు తిప్పితే చాలు, అంత దగ్గరలో కళ్ళు మూసుకుని కొట్టినా తగులుతుంది. తిప్పబోయాడు. సగం తిరిగి ఆగిపోయాను. గుంజాడు, కర్రలు వంగాయి, తీగ సాగింది, తెగలేదు. పచ్చి చిక్కుడు తీగ తాడు కంటే గట్టిది. "లింగం!" అని అరిచాడు. వాడు ఏందన్నట్టు బావ వైపు తిరిగాడు, పంది వైపు కాదు.

కోర వాడి తొడ లోపల దిగింది. పెద్ద నరం తెగిందని తర్వాత డాక్టరు చెప్పాడు. పంది నాలుగు సాళ్ళు దాటి తనంతట తనే పడి చచ్చింది. నరహరి నన్ను ఆ తీగల్లోనే వదిలేసి, వాణ్ణి భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తాడు. ఆటోలో దవాఖాన చేరేలోపే ప్రాణం పోయింది. నేను సాయంత్రం దాకా అక్కడే వేలాడుతూ ఉన్నాను. తమ్ముడైతే తిరిగేవాడు. ఆ ఆరు అంగుళాలు లేకపోతే నేనూ తిరిగేవాణ్ణి.

ఇప్పుడు ఠాణా కొట్టుగదిలో ఉన్నాను. తుప్పు మొదలైంది. ఎప్పుడో ఒకరోజు ముక్కలు చేసి కొలిమిలో వేస్తారట, వేసుకోనీ. నన్ను కాల్చేది కొలిమి కాదు, ఇక్కడికి రావడానికి ముందు రోజు నరహరి ఇంట్లో విన్న మాటలు.

దినాలు అయ్యాక భూలక్ష్మి వచ్చి అరుగు మీద కూర్చుంది. "అన్నా, పందులు మల్ల పడ్డయి" అంది.

నరహరి ముఖం ఎత్తలేదు. "తుపాకి ఠాణాల ఇచ్చేస్తున్న చెల్లె. ఇగ జన్మల ముట్ట" అన్నాడు. ఆమె కాళ్ళ దగ్గర ఏదో పెద్ద కానుక పెడుతున్నట్టే అన్నాడు పాపం.

"నువ్వు ముట్టనని పందులకు ఎట్ల తెలుస్తదన్నా?"

ఆమే మళ్ళీ అందుకుంది.

"పొడుగుది అడ్డం పడ్డదని నువ్వే చెప్తివి గద. పొట్టిది లేదా లోకంల? గది దెచ్చుకొని రా. మనిషి ఎట్లనో పాయె. మక్క చేతికొచ్చేదాంక ఒక్కదాన్నే ఎట్ల కావలి ఉండాలె?"

"నాతోటి కాదు చెల్లె" అని ఏడ్చాడు నరహరి. నిజమైన ఏడుపే, అందులో నటన లేదు. కానీ ఆ ఏడుపుతో ఒక్క పంది కూడా బెదరదు.

భూలక్ష్మి ఏడవలేదు. కొంగు దోపుకుని లేచింది. గుమ్మంలో నిలబడ్డ నరహరి భార్య, తన ఆడబిడ్డ అనసూయ వైపు తిరిగింది.

"వదినా, ఇంట్ల పాత పళ్ళెమేమన్న ఉంటే ఇయ్యరాదు. రాత్రిళ్ళు మంచె మీద కూసోని కొట్టనీకె."