పదిహేను అడ్మిషన్లు

బెండకాయల ముచ్చికలు తుంచుతూ, పప్పులో ఇంకాస్త ఉప్పు పడాలన్నంత మామూలుగా అన్నారు అత్తగారు కనకవల్లి.

"ఆ కాగితాల్లో వాడి పేరు రాసెయ్యి శాంభవీ. ఇంట్లో ఎవరు ఉద్యోగం చేస్తే ఏమిటి?"

శాంభవి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. ఎవరు చేసినా ఒకటే అయినప్పుడు తనే చేయవచ్చు కదా! ఆ ముక్క మాత్రం ఆవిడకు తట్టలేదు.

ఆ కాగితాలు కాలేజీ అడ్మిషన్ ఫారాలు. శాంభవి, భర్త దత్తాత్రేయ బెజవాడలో ఒకే ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లు. ఆమె బోటనీ, ఆయన ఫిజిక్సు. కరోనాలో ముందు ఆమెను తీసేశారు, తర్వాత ఆయన్నూ తీసేశారు. కరోనా పోయింది గానీ, పట్టుకుపోయిన ఉద్యోగాలను తిరిగిచ్చి పోలేదు. ఇంగ్లిషు చెప్పిన డయానా వన్‌టౌన్‌లో చీరలు మడతపెడుతోంది. లెక్కల జీవరత్నం గారు ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకుంటున్నారు. ఇప్పుడు కాలేజీ నుంచి కబురొచ్చింది. నెలాఖరులోగా పదిహేను మంది పిల్లల్ని చేర్పించినవాళ్లకే ఉద్యోగం, అదీ సగం జీతానికి. ప్రతి ఫారం అడుగున 'చేర్పించిన లెక్చరరు' అని ఒక గడి ఉంటుంది. శాంభవి పదిహేను మంది తల్లిదండ్రుల చేత ఫారాలు నింపించి తెచ్చింది. ఆ గడి మాత్రం ఇంటికొచ్చి తీరిగ్గా నింపుదామని వదిలేసింది. అదే ఆమె చేసిన పొరపాటు.

మే నెల ఎండలో పామర్రు, కూచిపూడి చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పులరిగేలా తిరిగింది. పొద్దున్నే వంట చేసిపెట్టి బస్సెక్కడం, సాయంత్రం వచ్చి ట్యూషన్లు చెప్పడం. రెండేళ్లుగా ఇల్లు గడుస్తున్నది ఆ ట్యూషన్ల మీదే అయినా, ఇంట్లో వాటి పేరు 'శాంభవి కాలక్షేపం'. మీరూ రండి అని భర్తను పిలిస్తే, "గోల్డ్ మెడలిస్టుని, సీట్లు కావాలా అని వీధులమ్మట అరవనా?" అన్నాడు. మెడల్ రానివాళ్లకు ఎండ తగలదు కాబోలు.

ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లోనూ అంతే. ఆయన పాఠానికి పడగ్గది, ఫ్యాను, మూసిన తలుపు. ఆమె పాఠానికి వంటగట్టు. కిరణజన్య సంయోగక్రియ చెబుతుంటే వెనక కుక్కరు మూడుసార్లు కూసింది. పిల్లలు నవ్వారు, ఎవరి తండ్రో ఫిర్యాదు చేశాడు, ముందుగా ఆమె పేరే కొట్టేశారు. అప్పుడు దత్తాత్రేయ ఓదార్చాడు కూడా. "పోన్లే, నీకు ఇంటిపనికి వీలవుతుంది" అని.

పామర్రు దగ్గరి ఊళ్లో, కూతుర్ని చేర్పించిన నేతపనివాళ్ల నాగవేణి ఆమెకు గుర్తొచ్చింది. మగ్గానికి నూలు చుడుతూ, శాంభవి చెప్పిందంతా విని ఒక్కటే అడిగింది.

"శానామంది వచ్చెళ్లారండీ, ఎవళ్లనీ నమ్మలేదు. మా పిల్లకి పాఠం మీరే చెబుతారు కదండీ?"

"నేనే చెబుతానమ్మా."

ఆ మాట మీదే ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టింది.

దత్తాత్రేయ పెన్ను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "ఇలా ఇవ్వు, నా పేరు నేనే రాసుకుంటాలే. నీకెందుకు శ్రమ?"

"మగాడు ఖాళీగా కూర్చుంటే నలుగురూ నవ్వుతారమ్మా" అన్నారు కనకవల్లి.

సొమ్మొకరిది, సోకొకరిది. శాంభవికి కోపం వచ్చింది. కోపం కంటే ముందు సిగ్గేసింది. ఇంట్లో గొడవెందుకు, ఆయన పేరే రాసేద్దామని రెండు రోజులుగా తనూ అనుకుంటూనే ఉంది మరి. ఈ ఉద్యోగం వచ్చినా ఒరిగేదేమీ లేదని తెలుసు. సగం జీతం, వచ్చే మేలో మళ్లీ ఇదే తిరుగుడు. ఎప్పుడు పొమ్మంటారో తెలియదు. అయినా నాగవేణి కూతురు క్లాసులో కూర్చుని బోటనీ మేడమ్ కోసం చూస్తుంది.

పొయ్యి ఆపింది. చేతులు కడుక్కుని, భర్త చేతిలోని పెన్ను తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఒక్కో ఫారం తీసి, పదిహేను గళ్లలోనూ తన పేరే రాసింది. కనకవల్లి చేతిలో బెండకాయ అలాగే ఉండిపోయింది.

"మరి నా సంగతి?" అన్నాడు దత్తాత్రేయ.

శాంభవి సంచీలోంచి మిగిలిన ఖాళీ ఫారాలు తీసి ఆయన ముందు పెట్టింది. తలుపు వెనకనున్న గొడుగు తెచ్చి వాటి పక్కన పెట్టింది.

"గడువు ఇంకా పది రోజులుందండీ. పామర్రు బస్సు ఆరున్నరకి. గొడుగు మర్చిపోకండి, ఎండ తగులుతుంది."