పసుపు గీతలు

సాయం ఎక్కడ ముగిసి అపనమ్మకం ఎక్కడ మొదలవుతుంది? నిన్నటి దాకా ఈ ప్రశ్న వేసుకోవలసిన అవసరం ఉందని కూడా నాకు తోచలేదు.

నేను నేర్పే బడి జట్టుకు ఈ ఏటి రోబో పోటీలు అయిపోయాయి. మళ్ళీ పోటీలకు ఐదు నెలల గడువుంది. కొత్త పిల్లలు పని నేర్చుకోవలసింది ఈ ఖాళీలోనే. పాత రోబో చక్రాల బిగింపును ఒక పదో తరగతి అమ్మాయికి అప్పగించాను. ఋజువు లేనిదే ఏదీ నమ్మదని జట్టంతా ఆమెను జడ్జిగారంటారు. సాయంత్రం గంటసేపు రోబోను నడిపి వాళ్ళు వెళ్ళిపోతారు. తరువాత నేను పానా తీసుకుని నట్లన్నీ ఒకసారి బిగించి గదికి తాళం వేస్తాను. అవి వదులయ్యాయో లేదో చూసి కాదు, అలవాటు కొద్దీ.

ఇవాళ ఆమె నోటు పుస్తకం నా ముందు పడేసింది.

"నట్టు మీంచి చట్రం దాకా పసుపు గీత గీస్తున్నాను సార్. నట్టు కదిలితే గీత విరగాలి. రోజూ విరుగుతోంది. మళ్ళీ విప్పి, బిగించి, గీస్తున్నాను. మర్నాటికి మళ్ళీ అంతే."

"నడిస్తే వదులవుతాయిగా," అన్నాను.

"వదులవట్లేదు. బిగుసుకుంటున్నాయి."

జట్టులో అందరూ పొడుగోడనే కుర్రాడు నవ్వాడు. "దెయ్యమే జడ్జిగారూ. మనకంటే శ్రద్ధగా పనిచేస్తోంది, జట్టులో చేర్చుకుందాం."

"నువ్వు నోరు మూసుకోరా." ఆమె నా వైపు తిరిగింది. "మూడు వారాలు కొండ తవ్వాను సార్. ఎలుక కూడా దొరకలేదు. మోటారు మార్చాను, నేల మార్చాను, వీళ్ళందరినీ నిలదీశాను. ఇది నావల్ల కాదు. ఇంకెవరికైనా ఇచ్చేయండి."

అందరినీ నిలదీసింది, నన్ను తప్ప. ఋజువు అడగకుండా ఆమె నమ్మింది నన్నొక్కడినే. ఆమె చేతిని నేను ఒక్కరోజైనా నమ్మలేదు.

పుస్తకంలో ఇరవై పేజీల అంకెలు. అన్నీ నేను పాడుచేసినవే. మౌనంగా ఉండిపోతే ఆమె తప్పుకుంటుంది, నా పరువు నిలుస్తుంది.

"ఆ దెయ్యం నేనే," అన్నాను. "రోజూ మీరు వెళ్ళాక బిగిస్తున్నాను."

పొడుగోడి నవ్వు ఆగిపోయింది. ఆమె నోటు పుస్తకం మూసింది.

"ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది సార్."

"అవును."

జేబులోంచి పానా తీశాను. తాళం చెవి కూడా దాంతోపాటు ఆమె చేతిలో పెట్టాను.

"ఇకమీదట తాళం నువ్వే వెయ్యి," అని చెప్పి బయటికి నడిచాను.