కొంచెం వదులు

...చెమటకి వాల్వు జారుతుందేమో, అరచేయి ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాను, గేజీలో ముల్లు కదలట్లేదు, వేలితో నాలుగు కొడితే గానీ కదలదు, మా ఆవిడలాగే, పొద్దున టీ గ్లాసు టక్కున పెట్టి ఒక్క మాటే అంది, మా అన్నయ్య ఉద్యోగం పోతే మీ మొహం చూడను, అని, ఆ అన్నయ్యే మా బావ, ఇక్కడే అచ్చుల మిషన్ మీద పని, పింగాణీ పొడిలో మైనం కలిపి చిటికెన వేలి గోరంత రింగులు పోస్తాడు, ఆ మైనాన్ని బయటికి లాగడం నా పని, ఈ ఇనప డ్రమ్ములో పెట్టి, కార్బన్ డయాక్సైడ్‌ని వేడి చేసి అదిమితే అది గాలీ కాదు నీళ్ళూ కాదు, మధ్యలో ఏదో అయి రింగులోకి దూరి మైనాన్ని కరిగించి పట్టుకొస్తుంది, అక్కడిదాకా బాగానే ఉంటుంది, ఒత్తిడి వదిలేటప్పుడే చిక్కు, తొందరపడితే లోపల ఇరుక్కున్నది ఉబ్బి రింగుని చీల్చేస్తుంది, పోయినవారం చీల్చింది, నాలుగొందల రింగుల్నీ.

ఆరోజు బావకి ఫోన్ చేసి అడిగాను, ఇదివరకు ఈ డ్రమ్ము దగ్గర ఆయనే కదా, ఎంత తిప్పమంటావు బావా, పంపు మోతలో ఆయన గొంతు, వదులు, అన్నాడు, సడలించమని ఆయన, వదిలెయ్యమన్నాడని నేను, రెండు చుట్లు తిప్పాను, మేనేజరు వస్తే, అచ్చులో తేడా ఉందేమో సార్ అన్నాను, నోరు తడబడలేదు కూడా, సరే అదే అచ్చులోవి మళ్ళీ వేద్దాం, ఇవీ చీలితే మీ బావ ఇంటికి, చీలకపోతే నువ్వు, అన్నాడు, ఇప్పుడు వెనకాలే నిలబడి, ఏంటి బాబాయ్, వాల్వుతో కాపరం చేస్తున్నావా, అంటున్నాడు, మళ్ళీ రెండు చుట్లు తిప్పితే చాలు, ఇవీ చీలతాయి, ఎవరికీ తెలీదు, నేను బతికిపోతాను, అద్దం అవతల బెంచీ మీద బావ, తలుపు సందులోంచి, ఏం బావా మొహం అలా పీక్కుపోయింది, తిన్నావా లేదా, అంటాడు, తన ఉద్యోగం నా చేతిలో ఉంటే నా తిండి గురించి అడుగుతాడేంటి ఈ మనిషి.

పావు చుట్టు, ఆగాను, ముల్లు కొంచెం దిగింది, ఇంకో పావు, డ్రమ్ముకి చెవి ఆనించాను, పోయినవారం ఇలాగే ఆనిస్తే లోపల చిట్ చిట్‌మంది, అయినా తిప్పుతూనే ఉన్నాను, ఇవాళ ఏ చప్పుడూ లేదు, ముల్లు సున్నాకి వచ్చేదాకా లేదు, ఆ నిశ్శబ్దంలో ఫోన్లో బావ గొంతు మళ్ళీ వినిపించింది, వదులు ఒక్కటే కాదు, ముందు ఇంకో మాట కూడా ఉంది, కొంచెం, కొంచెం వదులు బావా, అన్నాడు, పంపు మోత ఆ మాటని మింగలేదు, అది ఆరోజే నాకు వినపడింది.