లింగమూర్తి అమ్మిన హార్మోనియం

లింగమూర్తి మూత ఎత్తి లోపలికి వంగి చూశాడు. హార్మోనియంలో నడిమి ‘స’ పలికించే ఇత్తడి రేకు, రీడు, లేదు.

నిన్న పొద్దుగూకే దాకా ఉంది. ఈ మధ్యాహ్నం బస్సుకు ఈ పెట్టె కొనడానికి జానకీబాయి వస్తోంది. బోథ్ ఊరి దొరల ఇంటి ఆడపడుచు. అభంగాలు, మరాఠీ భక్తిపాటలు, పాడుతుంది.

భైంసాలో లింగమూర్తి పని భజన మండళ్ల పాత పెట్టెలు బాగుచేయడం. జనానికి అతను ‘అతుకుల లింగడు’. ఈ ఒక్క పెట్టె మాత్రం మొదటి చెక్క నుంచీ తన చేతిదే. జైనూర్ అడవి టేకు. వేలితో నొక్కే నల్ల మెట్లకు తునికి చెట్టు చేవ. గాలి తిత్తికి మెత్తని మేకతోలు. మూతబడ్డ నాటక కంపెనీ పెట్టెలోంచి ఏరుకున్న జర్మనీ రీడ్లు. ఇది అమ్ముడైతే ఇక ఎవరూ అతుకులవాడు అనరు.

వేలితో తడిమి చూశాడు. రీడు ఊడదీసి, మరలు మళ్లీ బిగించి ఉన్నాయి. దొంగకు పని తెలుసు.

“ఎలుక కొట్కపోయిందేమో” అంది భార్య భూమవ్వ, పొయ్యి మీంచి తల తిప్పకుండా.

“ఎలుక మరలు బిగించి పోతదానే?”

పక్క దుకాణంలో తాళాలు బాగుచేసే గంగయ్య మీదికి పోయాడు. గంగయ్య నవ్వాడు.

“నాకు గంత సన్నని బారీక్ పనొస్తే గీ తుప్పు తాళాల నడుమ ఎందుకు కూసుంట లింగన్నా? పో, ఇంట్లనే ఎతుకు.”

చివరికి పాత డబ్బాలోంచి వేరే రీడు తీసి, గీకి, బిగించాడు. భూమవ్వ రోజూలాగే ఎదురుగా కూర్చుని తిత్తి ఊపింది. శ్రుతి కలిసింది. కానీ ఆ రీడు గొంతు మిగతావాటితో కలవలేదు.

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన జానకీబాయి చాప మీద కూర్చుని, పెట్టె వాయిస్తూ అభంగం ఎత్తుకుంది. రెండో చరణంలో ఆగిపోయింది.

“గిదేందయ్యా లింగమూర్తీ? అన్ని మెట్లు ఒక్క తల్లి పిల్లలు, గిదొక్కటి పరాయిది. పెట్టె ముద్దుగున్నది గానీ... మల్లెప్పుడన్న సూద్దాం.”

లేచి నిలబడింది. లింగమూర్తి ఆ మెట్టును వేలితో ఒకసారి తుడిచాడు. మూత వేయబోయాడు.

భూమవ్వ గబగబా లోపలికి పోయి వచ్చి, అతని అరచేతిలో ఏదో పెట్టింది. “గిదేనా సూడు. బియ్యంల దొరికింది.”

అసలు రీడు! ఎట్లా దొరికిందని అడిగే తీరిక లేదు. బిగించాడు. భూమవ్వ గాలి కొట్టింది. జానకీబాయి మళ్లీ కూర్చుని, కళ్లు మూసుకుని, అభంగం చివరిదాకా పాడింది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, పెట్టెను తన శాలువాలో తనే చుట్టుకుంది.

“ఎవలు చేసిన్రని అడిగితే నీ పేరే చెప్త” అంది బస్సెక్కుతూ.

పొద్దుగూకింది. లింగమూర్తి అలవాటు కొద్దీ చాప మీద కూర్చున్నాడు. ఎదురుగా పెట్టె లేదు. భూమవ్వ వచ్చి తన చోట తను కూర్చుంది.

“బియ్యంలకెట్ల పోయిందే గా రీడు?”

ఆమె చాప ఈనె ఒకటి గిల్లింది.

“నేనే తీసిన. మరలెట్ల ఇప్పుతరో రోజూ సూస్తలేనా? లగ్గమైన సంది పొద్దూకితే నువ్వు హోటల్ కాడనే ఉంటుంటివి. పెట్టె మొదలువెట్టినంకనే నాకెదురుంగ కూసున్నవు. నువ్వు మెట్టు నొక్కుడు, నేను గాలి కొట్టుడు, అయిందా అంటే ఇంకొంచెం అనుడు. గా పెట్టె పోతే నువ్వు మల్ల హోటల్‌కు పోతవనుకున్న. కానీ దొరసాని లేసి నిలవడ్డప్పుడు నీ వాడిన మొఖం సూసిన. గా మొఖానికి ఎదురుంగ రోజూ కూసుండుడు నాతోని కాదనిపించింది.”