బిగించి కుట్టిన ప్యాంటు

గుండెకి సాయంగా లోపల పంపు పెడతామని పిలిచిన సర్జనమ్మ, తీరా వెళ్ళాక మావారి గుండె జోలికే పోలేదు. ఆయన తొడలు నొక్కి చూసింది. ఎన్నాళ్ళ నుంచో ఈ రోజు కోసం ఎదురుచూస్తున్నామేమో, నాకు ఒళ్ళు మండింది.

"గుండె పైన ఉందండీ," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి లేవమంది. ఆయన లేవబోయి, సగంలో ఆగి, దబ్బున కూలబడ్డారు. రెండోసారి సగం దాకా కూడా రాలేదు. మా వదిన, అంటే మావారి అక్క, అలవాటు కొద్దీ తమ్ముడి చంకలో చెయ్యి వేసి లేపబోయింది. సర్జనమ్మ వారించింది.

"ఇప్పుడు ఆపరేషన్ వద్దమ్మా. కండ బాగా కరిగిపోయింది. పంపు నేను పెట్టగలను. కానీ ఆ తర్వాత ఆయన సొంతంగా ఊపిరి తియ్యాలి, దగ్గాలి, లేచి నడవాలి. వాటన్నిటికీ కండ కావాలి. లేకపోతే శ్వాస మిషన్ మీదే ఉండిపోవచ్చు."

"వచ్చినప్పుడల్లా బరువు చూస్తూనే ఉన్నారు కదండీ. ఎప్పుడూ తగ్గలేదే."

"అదంతా నీరు. గుండె బలహీనపడితే ఒంట్లో నీరు చేరుతుంది. అటు కండ పోతుంటే ఇటు నీరు చేరింది. బరువు చూసి మేమూ పొరపాటు పడ్డాం."

పొరపాటు పడ్డారట. ఎంత తేలిగ్గా అనేసింది! గుండె సరిగ్గా పని చెయ్యక కండ పోయింది. కండ లేదని గుండెని బాగు చెయ్యరు. ఇందులో ఏ కొస పట్టుకుని లాగాలో చెప్పమన్నాను. కుర్చీ దగ్గర మొదలుపెట్టమంది. నెల తర్వాత చేతులు ఆనించకుండా లేవగలిగితే ఆపరేషన్ చేస్తానంది. గుండె అంతకు మించి తట్టుకుంటుందని మాత్రం చెప్పలేనంది.

ఇంటికొచ్చాక ఒకటే ఆలోచన నన్ను తొలిచేసింది. పక్కనే పడుకునే మనిషి ఇలా కరిగిపోతుంటే నాకెందుకు తెలియలేదు? ఆయన దర్జీ. పొద్దున్న లేచింది మొదలు ఇస్త్రీ ప్యాంటులోనే ఉంటారు. ఆ ప్యాంట్లు ఎప్పుడు చూసినా ఒంటికి అతికినట్టే ఉన్నాయి మరి. ఉతికిన బట్టలు మడతపెడుతూ ఒక ప్యాంటు తిరగేశాను. తొడ దగ్గర పాత కుట్టు పక్కన ఇంకో కుట్టు, దాని పక్కన మరొకటి ఉన్నాయి. అల్మారాలో ఉన్నవన్నీ లాగి చూశాను. అన్నీ అంతే. నడుము దగ్గర మాత్రం ఏ మార్పూ లేదు, అక్కడ పొట్టలోని నీరు సరిపెట్టింది.

"ఏమిటండీ ఇది?" ప్యాంటు మొహాన కొట్టినంత పని చేశాను.

"వదులైపోతుంటే బిగించి కుట్టుకున్నాను."

"నాతో ఒక్క మాట చెప్పొద్దా?"

"చెప్పడానికేముంది? కొలత మారింది, బట్ట సరిచేశాను." గొంతు తగ్గించారు. "తన ప్యాంటే వేలాడుతుంటే ఆ దర్జీకి గుడ్డ ఎవరిస్తారే?"

ఏడవాలో తిట్టాలో తోచలేదు. తిట్టాను.

మర్నాటి నుంచి నా తల ప్రాణం తోకకొచ్చింది. తినమంటే ఆకలి లేదంటారు. గుడ్డు పెడితే కొరికి పక్కకి నెడతారు. లేవమంటే ఆయాసం అంటారు. ఆ ఆయాసం అబద్ధమైతే ఇంకాస్త గట్టిగా కేకలేసేదాన్ని, అది నిజం కావడమే నా ఖర్మ. మాట రానంత ఆయాసమైతే ఆపమని, లేకపోతే చేయించమని ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే ఫిజియో చెప్పాడు. వదిన మాత్రం తమ్ముణ్ణి కాలు కింద పెట్టనివ్వదు. మంచినీళ్ళ గ్లాసు కూడా నోటికి అందిస్తుంది. నేను అటు తిరిగితే చాలు, చంకలో చెయ్యి వేసి లేపేస్తుంది.

"జబ్బు మనిషిని ఇంత హింస పెడతావా?" అంది ఒకరోజు.

"మీరిలా లేపుతూ పోతే, లేపడానికి మనిషే మిగలరు వదినా."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కుర్చీని గోడకి ఆనించి నేను ఎదురుగా నిలబడ్డాను. ఆయన చేతులు కట్టుకుని లేవబోయారు. కాళ్ళు వణికాయి, కూలబడ్డారు. కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించారు, మళ్ళీ అంతే. నుదుటి మీద చెమట పట్టింది.

"చెయ్యి ఇవ్వు," అన్నారు.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఈ ఒక్కసారికే."

"ఇవ్వను."

పెళ్ళయిన నాటి నుంచి ఆయన నన్ను ఏదీ ఇంత దీనంగా అడిగి ఎరగరు. చెయ్యి ఇస్తే ఇప్పుడు లేస్తారు. ఆపరేషన్ బల్ల దాకా మాత్రం చేరరు. అది తెలిసి కూడా నా చేతులు ముందుకు రాబోతుంటే, ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకున్నాను.

"ఇంత రాతిమనిషివనుకోలేదు."

"ఇప్పుడు తెలిసింది కదా, లేవండి."

ఆయన మొహం కోపంతో ఎర్రబడింది. ముందుకు వంగి, పళ్ళు బిగించి లేచారు. పూర్తిగా లేచారు. నా మొహం చూడకుండా కిటికీ వైపు తిరిగి, ఊగుతూ నిలబడ్డారు. పట్టుకోవాలని నా ప్రాణం కొట్టుకులాడింది.

"కూర్చోండి," అన్నాను. "ఊపిరి తీసుకుని మళ్ళీ లేవాలి."